సీసాలోని అమృతము: పందొమ్మిదవ శతాబ్దపు మందుల ప్రకటనలు

పాత పత్రికల సంపుటములు తిరుగవేయువారు సాధారణముగా వ్యాసములను, వార్తలను చదివి, ప్రకటనల పుటలను దాటిపోవుదురు. కాని ఒక కాలపు ప్రజలు దేనికి భయపడిరో, దేనికి ఆశపడిరో, ఎవరిని నమ్మిరో తెలిసికొనుటకు ప్రకటనల పుటను మించిన సాక్షి లేదు. వ్యాసకర్త తాను చెప్పదలచినది చెప్పును. ప్రకటనకర్తయో, పాఠకుడు వినగోరునది చెప్పును. పందొమ్మిదవ శతాబ్దమున మన దేశమున వెలువడిన పత్రికలలో, అవి ఇంగ్లీషువైనను దేశభాషలవైనను, ఆ పుటలయందు మందులకు పెద్దపీట వేయబడినది. ఒక్క సీసాతో పది రోగములు కుదురునని చెప్పెడి ఆ ప్రకటనలను చదివి నేడు మనము నవ్వుకొనవచ్చును. కాని నవ్వి ఊరకుండుటకు వీలులేని చరిత్ర వాని వెనుక కలదు.

అది మనకు దూరపు కథయు కాదు. భాగవతుల నాట్యమునకు పుట్టినిల్లైన కూచిపూడి నుండి పామర్రు చేరి, అచటి నుండి మరికొంత సాగినచో ఎలకుర్రు అను గ్రామము వచ్చును. ఆ గ్రామమున 1867లో జన్మించిన ఒక బాలుడు పెరిగి పెద్దవాడై, 1893లో బొంబాయి నగరమున ఒక తలనొప్పిమందును తయారుచేసెను. ఆ మందు తెచ్చిన లాభముతో ఆంధ్రులకొక దినపత్రికను, ఒక మాసపత్రికను, ఒక గ్రంథమాలను సమకూర్చెను. ఆయన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆ మందు అమృతాంజనము. పంతులుగారి కృషి యెట్టిదో తెలియవలెనన్న, అంతకుముందు అర్ధశతాబ్దముగా మన దేశముపై వచ్చిపడుచుండిన సీమమందుల వెల్లువను ముందుగా చూడవలెను.

ఈ సీమమందులకు 'పేటెంటు మందులు' అని పేరు. పేరులోనే ఒక తిరకాసున్నది. పేటెంటు అనగా, ఒక క్రొత్త వస్తువును కనిపెట్టినవానికి కొన్నియేండ్లపాటు దానిపై సర్వహక్కులు నిచ్చుచు రాజు ప్రసాదించెడి పత్రము. అట్టి పత్రము కావలెనన్న, ఆ వస్తువు ఎట్లు చేయబడునో లోకమునకు వెల్లడింపవలెను. మందుల వర్తకులకు కావలసినది అందుకు సరిగా వ్యతిరేకము. సీసాలో ఏమున్నదో ఎవరికిని తెలియరాదు. కావున వీనిలో ఎక్కువ మందులకు పేటెంటు అన్నది లేనేలేదు. ఉన్నది పేరు, చీటీపై బొమ్మ, లోపల రహస్యము. ఇంగ్లండులో 1783 నుండి ఇట్టి మందులపై ప్రభుత్వము స్టాంపు సుంకము విధించెను. సుంకము చెల్లించినట్లు సీసాపై అంటించిన ముద్రను చూచి, ప్రభుత్వమే ఆ మందును పరీక్షించి ఆమోదించినదని అనేకులు భ్రమపడిరి. వర్తకులు ఆ భ్రమను తొలగింప యత్నింపలేదు.

ఈ వ్యాపారమున చక్రవర్తియనదగినవాడు థామస్ హాలోవే. 1837లో లండనులో తన లేపనమునకు ప్రకటనలు ప్రారంభించెను. పిమ్మట మాత్రలును చేర్చెను. 1842లో ప్రకటనలకై సాలునకు 5,000 పౌనులు వెచ్చించినవాడు, 1883లో మరణించునాటికి 50,000 పౌనుల వరకు వెచ్చించుచుండెను. మందును వాడు విధానమును వివరించు కరపత్రములను చీనా, అరబ్బీ, తురుష్క భాషలతోపాటు మన దేశభాషలలో పెక్కింటిలోనికి తర్జుమా చేయించెను. ప్రభుత్వపు చట్టములు తెలుగులోనికి వచ్చుటకే జాప్యమగుచుండిన ఆ దినములలో, ఒక మాత్రల వర్తకుడు దేశభాషల విలువను గుర్తించుట గమనింపదగినది. సామ్రాజ్యము జెండా ఎక్కడికి పోయిన అక్కడికి అతని డబ్బీయు పోయెను. ఆ ధనముతో అతడు స్త్రీల కొరకొక గొప్ప కళాశాలను కట్టించెను. 1886లో విక్టోరియా రాణి దానిని ప్రారంభించెను. మందుల లాభము విద్యాదానముగా మారుట మన పంతులుగారితో మొదలు కాలేదన్నమాట.

మన దేశముతో మరింత దగ్గర సంబంధముగల మందు క్లోరోడైను. భారతదేశమున సైన్యముతో పనిచేసిన డాక్టరు జాన్ కాలిస్ బ్రౌన్ కలరా కొరకై దీనిని కూర్చెను. తరువాత డేవెన్‌పోర్టు అను మందుల వర్తకుడు దాని హక్కులు కొని లోకమంతట ప్రకటించెను. అందలి ముఖ్యద్రవ్యములు నల్లమందు, గంజాయి, క్లోరోఫారము. నల్లమందు ప్రేగుల కదలికను మందగింపజేయును. కావున విరేచనములు తగ్గి, నొప్పి తెలియక, రోగికి ఉపశమనము కలిగినట్లు తోచును. కాని కలరాలో ప్రాణము తీయునది శరీరమునుండి నీరును లవణములును పోవుట. పోయిన నీటిని ఉప్పు, పంచదార కలిపిన నీటితో భర్తీ చేయుటయే నేడు అంగీకరింపబడిన చికిత్స. ఉపశమనమును చూచి రోగము కుదిరెననుకొన్నవారెందరో. అంతేకాదు, మాటిమాటికి సేవించినవారు దానికి బానిసలైరి. నల్లమందుతోడి చిక్కు అదియే. రోగము పోయినను మందు పోదు.

ఈ మందులను జనులేల కొనిరి? అజ్ఞానముచేత అని తేల్చివేయుట సులభము. కాని నాటి పరిస్థితులను తలచుకొనవలెను. 1852లో మొదలుపెట్టి 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. కాలువలు వచ్చెను, పంటలు పండెను. కాలువలతో నిలువనీరును, నిలువనీటితో దోమలును వచ్చెను. చలిజ్వరము వానికాలపు చుట్టమయ్యెను. దోమకును చలిజ్వరమునకును గల సంబంధమును సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ నిరూపించినది 1897లో. కలరాకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ కలకత్తాలో గుర్తించినది 1884లో. అంతకుముందు కారణమెవరికి తెలియును? గ్రామదేవతకు జాతర చేసిన గ్రామస్థునకును, చెడుగాలియే కారణమని నమ్మిన దొర వైద్యునకును ఆ విషయమున పెద్ద అంతరము లేదు. కారణము తెలియని రోగమునకు ప్రతి మందును సమానమే. అన్నింటిలో బిగ్గరగా పిలిచినదే గెలుచును.

పల్లెలలో వైద్యము లేదని కాదు. బసవరాజీయమును కంఠస్థము చేసిన వైద్యులు, పురుళ్లు పోసిన మంత్రసానులు, శొంఠి, వస, వాములతో ఇంటనే చికిత్స చేసికొన్న పెద్దమ్మలు ఉండిరి. కాని ఒక మహామారి వచ్చినప్పుడు ఊరి వైద్యుడొక్కడు ఎందరిని చూడగలడు? సర్కారు ఆసుపత్రి ఏ పట్టణముననో ఉండెను. చెన్నపట్టణమున వైద్యకళాశాల 1835లోనే ఏర్పడినను, అందు చదివి వచ్చినవారు దివిసీమ లంకలకు రారు. రోగికిని వైద్యునికిని నడుమ ఏర్పడిన ఆ ఎడములోనికే సీసా ప్రవేశించెను.

దానిని మోసికొనివచ్చినది తపాలా. 1879లో కాలణాకు పోస్టుకార్డు వచ్చెను. 1880లో మనియార్డరు పనిని తపాలాశాఖ చేపట్టెను. వీని రెండింటికన్న ముఖ్యమైనది 1877లో ప్రారంభమైన వి. పి. పద్ధతి. ఒక కార్డు వ్రాసి పడవేసినచో సీసా ఇంటికి వచ్చును. సొమ్ము తపాలా బంట్రోతుకిచ్చి దానిని విడిపించుకొనవచ్చును. కొనువానికి పైకము పోవునను భయము లేదు. అమ్మువానికి అంగడి అక్కరలేదు. 1893లో బెజవాడ వద్ద కృష్ణపై రైలువంతెన పూర్తియయ్యెను. ఆ శతాబ్దాంతమునకు చెన్నపట్టణమునకు రైలుమార్గము కలిసెను. దానితో మందులపెట్టెల ప్రయాణము మరింత సుగమమయ్యెను. ప్రభుత్వము సైతము ఈ మార్గమును వాడుకొన్నది. 1892లో బంగాళమున క్వినైను పొట్లములను పోస్టాఫీసులలో పొట్లమొకటికి కానీ చొప్పున అమ్మింప మొదలిడెను. చలిజ్వరమునకు నిజముగా పనిచేయు మందు కానీకి దొరకుచుండగా, పనిచేయని మందులు రూపాయలకు చెల్లుచుండుట ఆ కాలపు వింతలలో నొకటి.

వైద్యులు ఈ విషయమున నోరు మెదపలేదా? ఇక్కడ మరొక చిత్రము. ఇంగ్లండులో 1858లో వైద్యుల చట్టము వచ్చి పట్టీలో పేరు నమోదు చేయు పద్ధతి ఏర్పడెను. పట్టీలోని వైద్యుడు తన్ను గూర్చి ప్రకటించుకొనుట వృత్తిధర్మమునకు విరుద్ధమని నియమము స్థిరపడెను. మన రాజధానిలో మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషను చట్టము 1914లో వచ్చెను. నియమము మంచిదే. రోగి ప్రాణముతో బేరమాడరాదు. కాని దాని ఫలితమేమి? చదివినవాడు మౌనము వహింపవలెను. చదువనివాడు అరవవచ్చును. ఇది చాలదన్నట్లు, తపాలాలోనే డిగ్రీలు విక్రయించు బూటకపు సంస్థలు బయలుదేరినవి. పేరునకు ముందు డాక్టరు, వెనుక నాలుగక్షరములు తగిలించుకొని బోర్డు కట్టినవారిని అరికట్టుటకు 1916లో వైద్య డిగ్రీల చట్టమును ప్రత్యేకముగా చేయవలసివచ్చెను.

గుట్టు బయటపెట్టిన ఘనత బ్రిటిష్ వైద్య సంఘమునకు దక్కినది. ఆ సంఘము ప్రసిద్ధమైన మందులను కొని, రసాయనశాలలో విడదీసి, ఫలితములను 1909లో ఒక గ్రంథముగా ప్రకటించెను. పెట్టె వెల ఒక గిన్నీ చేయునని ప్రకటనలలో చెప్పుకొన్న బీచెం మాత్రలలో ముసాంబరము, శొంఠి, సబ్బు మాత్రమే ఉన్నట్లు తేలినది. పెట్టెలోని 56 మాత్రలకు కావలసిన సరకుల వెల అర ఫార్దింగు. అమ్మకపు వెల ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ. గుణించి చూచినచో 108 రెట్లు! ముసాంబరము, శొంఠి మన వంటింటిలోనో, పచారీ కొట్టులోనో దొరకునవే. మన తీరమునుండియే సముద్రము దాటిపోయిన సరకు, రంగుకాగితము చుట్టుకొని తిరిగివచ్చి మనకే అమ్ముడగుట నాటి వలసరాజ్యపు వాణిజ్యమునకంతటికిని పోలిక. అమెరికాలో 1905లో ఒక పత్రిక జరిపిన పరిశోధన ఫలితముగా 1906లో ఆహారౌషధముల చట్టము వచ్చెను. బ్రిటిష్ పార్లమెంటు సంఘము 1912 నుండి విచారణ జరిపి నివేదికను సిద్ధపరచెను. అది వెలువడిన దినము 1914 ఆగస్టు 4, అనగా బ్రిటన్ యుద్ధమునకు దిగిన దినము. నివేదిక మూలబడినది.

ఈలోగా మన దేశస్థులును ఈ రంగమునకు దిగిరి. కలకత్తాలో డాక్టరు ఎస్. కె. బర్మన్ 1884లో డాబర్ సంస్థను స్థాపించెను. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1892లో బెంగాల్ కెమికల్ కార్ఖానాకు పునాదివేసెను. ఆ మరుసటి సంవత్సరముననే నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనమును వెలువరించిరి. పంతులుగారు చెన్నపట్టణమున క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రులై, కలకత్తాలో కొంతకాలము గడపి, బొంబాయి చేరి, విలియం అండ్ కంపెనీ అను వర్తకశాలలో పనిచేసి వ్యాపారపు మెళకువలు గ్రహించినవారు. సీమవర్తకుడు ప్రకటన నెట్లు ప్రయోగించునో లోపలినుండి చూచినవారు.

అమృతాంజనమును ప్రచారము చేయుటకు వారు త్రొక్కిన మార్గము మన కళాప్రియులు వినదగినది. సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టిరి. కూచిపూడి భాగవతులు మేళము కట్టి ఊరూర తిరిగిన సీమలో పుట్టినవారికి, నలుగురు చేరిన చోటనే మాట పాకునని వేరుగ చెప్పవలెనా? తరువాత ఆ డబ్బీ పది అణాలకు అమ్ముడు పోయినది. అది నాటికి తక్కువ వెల కాదు.

ఈ ఉచితపు పంపకమున వర్తకపు యుక్తితోపాటు ఒక నిజాయితీయు ఇమిడియున్నది. అట్టి లేపనములలో కర్పూరము, పుదీనాపువ్వు, నీలగిరి తైలము వంటివి చేరును. పుదీనాపువ్వు చర్మమునందు చలిని గుర్తించు నాడుల కొనలను ప్రేరేపించుటచేత నుదురు చల్లబడినట్లు తోచి, నొప్పిపై ధ్యాస తగ్గును. అది రోగమూలమును పెరికివేయదు. కాని చెప్పిన పని చేసినదో లేదో రాచుకొన్నవాడు పది నిమిషములలో తానే తేల్చుకొనగలడు. మధుమేహమును కుదుర్చుదునన్న మాత్రను కొన్నవానికి ఆ సౌకర్యము లేదు. పని చేయలేదని తెలియునాటికి సంవత్సరము గడచును, ఒకప్పుడు మనిషియే గడచును. పేటెంటు మందులన్నిటిని ఒకే గాటను కట్టరాదనుటకు ఇదియే కారణము. కొనువాడు పరీక్షింపగల వాగ్దానము వేరు, పరీక్షింపలేని వాగ్దానము వేరు.

లాభమును పంతులుగారు ఏమి చేసిరో తెలుగువారెరుగుదురు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలసినది. 1914లో చెన్నపట్టణమునకు తరలి దినపత్రిక అయినది. 1924లో భారతి మాసపత్రిక వచ్చినది. 1926లో ఆంధ్ర గ్రంథమాల ఆరంభమైనది. చందాలపైనే ఆధారపడి తెలుగు దినపత్రిక నిలుచుట కష్టమైన రోజులవి. ఆంధ్రరాష్ట్రోద్యమమునకును, స్వాతంత్ర్యోద్యమమునకును వాణియై నిలిచిన పత్రికను తలనొప్పి డబ్బీ పోషించినది. 1937 నవంబరులో రాయలసీమ, తీరాంధ్ర నాయకులు ఒడంబడిక చేసికొన్నదియు పంతులుగారి శ్రీబాగ్ భవనముననే. 1938లో వారు దివంగతులైరి.

వారొక్కరే కాదు. బందరున జన్మించిన పండిత దీవి గోపాలాచార్యులుగారు (1872–1920) చెన్నపట్టణమున ఆయుర్వేదాశ్రమమును స్థాపించి, ప్లేగు దినములలో తమ చికిత్సచే పేరుపొంది, శాస్త్రోక్తౌషధములను సీసాలలో దూరప్రాంతములకు పంపిరి. ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్ళూరులో పుట్టి, పేదరికముతో చెన్నపురి చేరిన కె. ఎన్. కేసరిగారు కేసరికుటీరమును నెలకొల్పిరి. స్త్రీల కొరకైన లోధ్ర అను మందు వారికి ధనమును తెచ్చినది. వారు 1928లో గృహలక్ష్మి మాసపత్రికను స్థాపించి, రచయిత్రులకు స్వర్ణకంకణ ప్రదానము చేసిరి. తెలుగు స్త్రీలు కలము పట్టి వ్రాసినదానిని అచ్చువేసిన పత్రికలలో అది ముఖ్యమైనది. ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున తెలుగు పాఠకలోకము పెరిగిన తీరును వ్రాయువారు ఈ సీసాల లెక్కను విడిచిపెట్టజాలరు.

ఇంత మాత్రమున మందుల ప్రకటనలకు హారతి పట్టవలెనని కాదు. పత్రికలను పోషించిన ఆ పుటలయందే, వాని ప్రక్కనే, చెప్పరాని వాగ్దానములు అచ్చుపడినవి. సంతానము లేనివారి దుఃఖము, యువకుల సిగ్గు, క్షయరోగి నిరాశ, ఇవన్నియు వ్యాపారపు సరకులైనవి. సిగ్గుచేత వైద్యుని వద్దకు పోజాలనివాడు తపాలాలో గుట్టుగా వచ్చు సీసాను ఆశ్రయించెను. మోసపోయినను బయట చెప్పుకొనలేకపోయెను. ప్రకటనల సొమ్ముతో బ్రతుకు పత్రిక ఆ ప్రకటనల తప్పులను ఎట్లు విమర్శించును? ఈ ప్రశ్న నాడును సులభము కాదు, నేడును సులభము కాదు.

చట్టము మెల్లగా కదలినది. ఆర్. ఎన్. చోప్రాగారి అధ్యక్షతన 1930లో నియమింపబడిన విచారణ సంఘము దేశమున మందుల కల్తీని, పేటెంటు మందుల విజృంభణను పరిశీలించినది. 1940లో మందుల చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1954లో అభ్యంతరకరమైన మందుల ప్రకటనలను నిషేధించు చట్టము చేయబడినది. దాని షెడ్యూలులో 54 వ్యాధులు కలవు. మధుమేహము, క్యాన్సరు వంటి ఆ వ్యాధులను కుదుర్చుదుమని ప్రజలకు ప్రకటించుట నేరము. తాయెత్తులతో, మంత్రములతో రోగము మాన్పుదుమని ప్రకటించుటయు నేరమే. ఇది వాక్స్వాతంత్ర్యమునకు భంగమని హమ్‌దర్ద్ దవాఖానా మున్నగువారు సుప్రీముకోర్టు కెక్కిరి. 1959 డిసెంబరులో వెలువడిన తీర్పున న్యాయస్థానము చట్టములోని ఒకటి రెండు భాగములను కొట్టివేసినను, ఇట్టి మందులను అమ్ముకొనుటకై చేయు ప్రకటన భావప్రకటన స్వేచ్ఛ కిందికి రాదని చెప్పి ముఖ్యోద్దేశమును నిలిపినది. 1964లో ఆయుర్వేద, యునానీ మందుల తయారీయు మందుల చట్టపు పరిధిలోనికి వచ్చెను.

రేడియోగల గృహస్థులకు ఒక మాట చెప్పవలసియున్నది. ఆకాశవాణి వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు 1967లో మొదలైనవి. నాటినుండి మందుల వర్తకుని గొంతు చదువురానివారి ఇంటిలోనికి కూడ నేరుగా ప్రవేశించినది. పిమ్మట టెలివిజను, దాని పిమ్మట అరచేతిలోని ఫోను వచ్చినవి. సాధనములు మారినను హాలోవేనాటి బాణీ మారలేదు. కుదిరిన రోగుల సాక్ష్యములు, పేరునకు ముందొక డాక్టరు, ఒకే మందునకు పది రోగములు, నకిలీలను నమ్మవద్దను హెచ్చరిక, ఈ నాలుగును నేటికిని కానవచ్చును.

కావున ఇంటికి వచ్చిన ప్రకటనను నాలుగు ప్రశ్నలడుగుట మంచిది. లోపల నేమున్నదో చీటీపై వ్రాసినారా? చెప్పిన ఫలితమును నేను స్వయముగా పరీక్షింపగలనా? పరీక్షింపలేనిదైనచో, పరీక్షించి చెప్పిన వైద్యుడెవరు? ఆయనకు ఈ అమ్మకమున భాగము కలదా? 1848 నాటి కలరా రోగికి ఈ ప్రశ్నలడుగు వీలు లేదు. అడిగినను బదులు చెప్పువారు లేరు. ఆసుపత్రులు, పరీక్షాశాలలు, చట్టములు వచ్చిన తరువాత బదులు రాబట్టుకొను హక్కు మనకు కలిగినది. ఆ హక్కు ఊరకే వచ్చినది కాదు. క్లోరోడైను చుక్కలను నమ్మి బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు దాని వెలను ముందే చెల్లించియున్నారు.